బీరువాలో ఛార్జర్: ఒక తల్లి, ఒక కొడుకు, రెండు ఫిర్యాదుల కేసు

మంచం దిగి ఆసుపత్రికి రాలేని రోగుల ఇళ్ళకు వెళ్ళి వైద్యం చేసే బృందంలో నేను ఫిజియోథెరపిస్టును. వృద్ధుల మీద, వికలాంగుల మీద ఇళ్ళలో జరిగే హింస గురించి మా వృత్తిలో శిక్షణ తరగతులు ఉంటాయి, గుర్తుల జాబితాలు ఉంటాయి. ఈ కేసులో ఆ జాబితాలోని గుర్తులు చాలావరకు కనిపించాయి. అయినా మేము ఇచ్చిన మొదటి ఫిర్యాదు నిలబడలేదు, రెండోది నిలబడింది. ఈ రెండింటి మధ్యా జరిగింది ఒక్కటే: మొదటినుంచీ అన్నీ కళ్ళారా చూస్తున్న మనిషిని అడిగే దారి మాకు దొరికింది. ఆ దారి ఎలా దొరికిందో తోటి వృత్తివాళ్ళకు పనికొస్తుందని రాస్తున్నాను.

వయసులు, కుటుంబ వివరాలు, సంఘటనల వరుస కొంత మార్చాను. ఆ ఇంటి పెద్దకొడుకు దీన్ని చదివి, రాయడానికి ఒప్పుకున్నారు. తల్లి వద్దన్న వివరాలు తీసేశాను.

నేపథ్యం

తల్లికి డెబ్బై దాటాయి. గుండె లయ తప్పుతుందని రక్తం పలచబడే మందు వాడుతున్నారు, ఎముకలు గుల్లబారాయి. పెద్దకొడుకు నలభైల్లో ఉన్నారు. ఆయనకు పుట్టుకతోనే సెరిబ్రల్ పాల్సీ. కాళ్ళూ చేతులూ బిగుసుకుపోతాయి, మాట ముద్దగా వస్తుంది, అలవాటున్న చెవికి తప్ప అర్థం కాదు. తెలివికి ఏ లోటూ లేదు. దీన్ని ముందే చెప్పడానికి కారణం ఉంది. ఈ జబ్బు పేరు వినగానే చాలామంది, వైద్యరంగంలో ఉన్నవాళ్ళతో సహా, బుద్ధిమాంద్యం అనుకుంటారు. మెదడులో కదలికలను నడిపే భాగాలు దెబ్బతినడం వల్ల వచ్చే స్థితి ఇది. ఆలోచనాశక్తి దానితోపాటు దెబ్బతిని ఉండవచ్చు, అసలు దెబ్బతినకనే పోవచ్చు. తండ్రి బతికున్న రోజుల్లో ఆ ఇంటి జమాఖర్చులన్నీ కంప్యూటర్‌లో రాసింది ఈయనే, ఎడమచేతి చూపుడువేలి కణుపుతో ఒక్కొక్క మీట నొక్కుతూ.

అదే కణుపుతో జాయ్‌స్టిక్ నెట్టుకుంటూ కరెంటు వీల్‌చెయిర్‌లో ఇల్లంతా తిరిగేవారు. తండ్రి పోయాక తల్లికి బలం చాలక, వేరే చోట ఉంటున్న చిన్నకొడుకు వచ్చి ఇంట్లో చేరాడు. బ్యాంకు పనులు, మందులు, డాక్టర్లతో మాటలు అన్నీ అతని చేతికి వెళ్ళాయి. స్నానం, పక్క మార్చడం వంటి పనులకు జీతానికి ఒక సహాయకుడు ఉండేవాడు. ఆ సహాయకులు తరచూ మారుతూ వచ్చారు.

మా దగ్గరికి వచ్చిన సమస్య

డాక్టరు పంపిన కాగితంలో రెండే వాక్యాలు. పెద్దకొడుక్కి ఈమధ్య కండరాల బిగువు బాగా పెరిగింది, సాగదీసే వ్యాయామాలు నేర్పించాలి. తల్లి బాత్‌రూంలో జారిపడ్డారు, భుజం నొప్పి, వీలైతే అదీ చూడాలి.

ఏళ్ళ తరబడి ఒక తీరుగా ఉన్న బిగువు ఉన్నట్టుండి పెరిగితే, వ్యాయామం మొదలుపెట్టే ముందు కారణం వెతకాలి. ఒంట్లో ఎక్కడో బాధ ఉంటే కండరాలు బిగుసుకుంటాయి: మూత్రంలో ఇన్‌ఫెక్షన్, మలబద్ధకం, కదలకుండా ఉంటే ఒత్తుకున్న చోట వచ్చే ఒత్తిడి పుండు, చర్మంలోకి దిగిన గోరు, బయటపడని ఎముక విరుపు. ఇవేవీ కాకపోతే మందు సంగతి చూడాలి. ఆయన కండరాల బిగువు తగ్గించే బ్యాక్లోఫెన్ అనే మందు చాలాకాలంగా వాడుతున్నారు. దాన్ని ఒక్కసారిగా ఆపేస్తే బిగువు మునుపటికన్నా ఎక్కువై తిరగబెడుతుంది, లేనివి కనిపించడం, మూర్ఛలు రావడం కూడా జరగవచ్చు. ఆపాలన్నా డాక్టరు చెప్పినట్టు మెల్లమెల్లగా తగ్గిస్తూ రావాలి.

పక్కకు తిప్పి చూస్తే నడుము కింద, త్రికాస్థి మీద ఎర్రటి మచ్చ. మామూలు ఎరుపయితే వేలితో నొక్కి వదిలినప్పుడు పాలిపోయి మళ్ళీ రంగు తేరుతుంది. ఇది పాలిపోలేదు. అంటే ఒత్తిడి పుండు మొదటి దశ. ఎడమ మడమ మీద అప్పటికే చర్మం చిట్లింది. పగలంతా కుర్చీలో తిరిగే మనిషికి ఈ రెండు చోట్లా కలిసి పుండ్లు రావడం అరుదు. రోజుల తరబడి వెల్లకిలా పడుకోబెట్టి ఉంచితే వస్తాయి. కుర్చీ ఏమైందని అడిగాను. ఛార్జర్ పాడైంది, రిపేరుకు ఇచ్చామని చిన్నకొడుకు చెప్పాడు.

మాత్రల డబ్బా తెప్పించాను. బిల్లు మీది తేదీ నుంచి రోజుకు మూడు చొప్పున వేసుకుని ఉంటే పట్టీలు అయిపోవచ్చి ఉండాలి. సగానికి పైగా మిగిలే ఉన్నాయి.

ఇక్కడ ఎవరు ఆపారన్నది ఆ క్షణంలో నాకు రెండో ప్రశ్న. మొదటిది వైద్యం. మధ్యలో ఆగిన మందును మళ్ళీ ఏ మోతాదుతో మొదలుపెట్టాలో నేను నిర్ణయించకూడదు. అక్కడి నుంచే డాక్టరుకు ఫోన్ చేసి, బిగువు, పుండ్లు, మిగిలిన మాత్రల లెక్క చెప్పాను. హింస జరిగిందన్న అనుమానం వచ్చినప్పుడు మనసు వెంటనే దోషిని వెతకడంలో పడుతుంది. ఆ లోపల రోగికి మూర్ఛ వచ్చినా వస్తుంది.

తర్వాత తల్లి భుజం చూశాను. కుడి జబ్బకు బయటివైపున కోలగా, ఒకదాని కింద ఒకటి నాలుగు కమిలిన మచ్చలు, లోపలివైపు ఒకటి, కాస్త పెద్దది. పట్టుకుని గుంజిన చేతి ముద్రలా ఉంది. పక్కనుంచి చిన్నకొడుకు అన్నాడు, "రక్తం పలచబడే మందు కదండీ, ఊరికే కములుతుంది." ఆ మాటలో అబద్ధం లేదు. అందుకే దాన్ని పక్కన పెట్టేయకుండా తూచి చూడాల్సి వచ్చింది.

పెద్దవాళ్ళ ఒంటి మీద ప్రమాదవశాత్తు ఏర్పడే కమిలిన మచ్చలను రోజూ గమనించి లారా మోస్క్వేడా బృందం 2005లో ఒక అధ్యయనం ప్రచురించింది. వాటిలో దాదాపు 90 శాతం కాళ్ళూ చేతుల మీదే ఉన్నాయి. మెడ మీద, చెవుల మీద, పిరుదుల మీద ఒక్కటీ లేదు. రంగును బట్టి మచ్చ వయసు చెప్పలేమని కూడా అందులో తేలింది. పసుపు రంగు మొదటి రోజే కనిపించవచ్చు. కాబట్టి "ఇది పాత మచ్చ, అది కొత్త మచ్చ" అని రంగు చూసి నోట్సులో రాయడం నేను మానేశాను. 2009లో అదే రంగంలో విగిల్స్‌వర్త్ బృందం హింసకు గురైన వృద్ధుల మచ్చలను పరిశీలించింది. అవి పెద్దవిగా, తరచూ 5 సెంటీమీటర్లకు మించి ఉన్నాయి. ముఖం మీద, కుడిచేతి బయటివైపున, వీపు మీద ఎక్కువగా ఉన్నాయి. నాకు అన్నిటికంటే పనికొచ్చిన విషయం ఇంకొకటి: ప్రమాదంలో కమిలినవాళ్ళలో చాలామందికి అది ఎలా వచ్చిందో గుర్తే లేదు, హింసకు గురైనవాళ్ళలో అత్యధికులు ఎలా వచ్చిందో చెప్పగలిగారు. అడిగితే చెప్పేవాళ్ళున్నారన్నమాట. అడిగేవాళ్ళే తక్కువ.

కానీ ఆ ఇంట్లో అడగడమెలా? "అమ్మా, ఎలా తగిలింది?" అంటే ఆమె జవాబు చెప్పే ముందు చిన్నకొడుకు ముఖం చూశారు. మొదటిసారి బాత్‌రూం అన్నారు. తర్వాతి సందర్శనలో తలుపు తగిలిందన్నారు. పెద్దకొడుకు మంచం మీద నుంచి గట్టిగా ఏదో అన్నారు. నాకు అర్థం కాలేదు.

చేతకాకనా, చేయకనా

ఇంట్లో మనిషికి తగిన సేవ అందకపోవడానికి రెండు కారణాలు ఉండవచ్చు. చూసుకునేవాళ్ళకు తెలియకపోవడం, ఓపిక చాలకపోవడం ఒకటి. కావాలని చేయకపోవడం రెండోది. బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి: అదే పుండు, అదే మిగిలిన మాత్ర. ఈ దశలోనే నేరం మోపితే, నిజంగా అలసిపోయిన కుటుంబం మనకు తలుపు మూసేస్తుంది. ఊరుకుంటే రెండో రకం కొనసాగుతుంది.

ఇలాంటప్పుడు నేను సాయం అందించి, దాని గతి ఏమవుతుందో చూస్తాను. చేతకానివాళ్ళు సాయాన్ని అందుకుంటారు, కొంచెం తడబడినా. చేయకూడదనుకున్నవాళ్ళ దగ్గర ఆ సాయం మాయమవుతుంది. అందుకని రోజుల వారీ గళ్ళున్న మాత్రల పెట్టె ఇచ్చాము. రెండు గంటలకొకసారి పక్క మార్చే పట్టిక గోడకు అంటించాము. పరికరాలు సమకూర్చే సంస్థతో మాట్లాడి కొత్త ఛార్జర్ ఇప్పించాము. ఎవరికి, ఏ రోజు అందజేశారో ఆ సంస్థ దగ్గర సంతకంతో కాగితం ఉంది.

నేను వెళ్ళే రోజు గళ్ళు మాత్రమే ఖాళీగా ఉండేవి, ముందు రోజులవి నిండుగా. పట్టికలో గుర్తులన్నీ ఒకే పెన్నుతో, ఒకే వాలుతో, ఒక్క కూర్చున్న పట్టున పెట్టినట్టు ఉన్నాయి. కొత్త ఛార్జర్ కూడా "పాడైంది". అది ఇంటికి చేరి వారం కాలేదు.

చిన్నకొడుకు తప్పంతా సహాయకుడి మీద వేశాడు. ఆ వారమే అతన్ని మానిపించాడు. జీతానికి వచ్చిన మనిషిని అనుమానించడం అందరికీ తేలిక, మాకూ తేలికే. కానీ పాత సందర్శనల నోట్సు తిరగేస్తే ఒక క్రమం కనిపించింది. సహాయకులు మారారు, పుండ్లు మారలేదు. ఎవరైనా మా నర్సుతో నాలుగు మాటలు ఎక్కువ మాట్లాడితే తర్వాతి సందర్శనకు ఆ మనిషి ఉండేవాడు కాదు. సహాయకులు తరచూ మారడాన్ని "మంచి మనుషులు దొరకడం లేదు" అని మనం జాలిపడి వదిలేస్తాం. ఇంట్లో జరుగుతున్నది చూడగల బయటి కళ్ళు ఒక్కొక్కటే తగ్గిపోతున్నాయని కూడా దానికి అర్థం ఉండవచ్చు.

ఫలించనివి

బృందంలో ఒకరు కుటుంబ సమావేశం పెడదామన్నారు. అందరినీ కూర్చోబెట్టి, నింద లేకుండా మాట్లాడితే సర్దుకుంటుందని ఆశ. వృద్ధుల సంరక్షణలో ఇది మామూలుగా మంచి పద్ధతే. భార్యాభర్తల మధ్య పని పంపకం గొడవకో, అలసటకో పనిచేస్తుంది. భయం ఉన్నచోట పనిచేయదు, ఎందుకంటే భయపడే మనిషి, భయపెట్టే మనిషి ఒకే గదిలో కూర్చుంటారు.

ఆ రోజు చిన్నకొడుకు ఎంతో మర్యాదగా మాట్లాడాడు. తల్లి తల ఊపుతూ కూర్చున్నారు. మధ్యలో పెద్దకొడుకు ఒళ్ళంతా బిగపట్టి, మెడ నరాలు పొంగి, ఒకే మాటను మళ్ళీ మళ్ళీ అనడం మొదలుపెట్టారు. ఏమంటున్నారని మా డాక్టరు అడిగారు. "ఆకలేస్తోందంటున్నాడు," అని తమ్ముడు అనువాదం చెప్పాడు. తల్లి లేచి పళ్ళెం తెచ్చారు. ఆయన నోరు గట్టిగా మూసుకుని ముఖం గోడ వైపు తిప్పుకున్నారు. ఆకలన్న మనిషి అన్నం తినలేదు. ఈ ఒక్క వాక్యాన్ని ఆ రోజు నోట్సులో విడిగా రాసుకున్నాను. తర్వాత అదే దారి చూపింది.

సమావేశం తర్వాత మా సందర్శనలు వరుసగా రద్దయ్యాయి. ఊళ్ళో లేమని ఒకసారి, జ్వరమని ఒకసారి.

అప్పుడు మొదటి ఫిర్యాదు ఇచ్చాము. ఎవరికి ఇవ్వాలన్నది చోటును బట్టి మారుతుంది. కొన్ని దేశాల్లో పెద్దల రక్షణకు ప్రత్యేక విభాగాలున్నాయి, కొన్ని చోట్ల పోలీసులో, న్యాయాధికారో, సంక్షేమ అధికారో చూస్తారు. వైద్య సిబ్బంది ఫిర్యాదు చేసి తీరాలన్న చట్టం కొన్ని చోట్ల ఉంది, కొన్ని చోట్ల లేదు. ఎక్కడైనా సాధారణంగా ఒక సూత్రం ఒకటే: ఫిర్యాదు చేసేవాళ్ళు నేరాన్ని రుజువు చేయనక్కర్లేదు. అనుమానానికి తగిన ఆధారం చూపితే చాలు, విచారణ వాళ్ళ పని.

అధికారి వచ్చారు, తలుపు తట్టారు, చిన్నకొడుకు లోపలికి పిలిచి కూర్చోబెట్టాడు. అతని ఎదుటే తల్లిని అడిగారు. ఆమె అంతా బాగానే ఉందన్నారు. పెద్దకొడుకు మాట్లాడలేని స్థితిలో ఉన్నారని రాసుకుని కేసు మూసేశారు. మా ఫిర్యాదు కాగితం మళ్ళీ చదివితే ఆయన్ను తప్పు పట్టడానికి పెద్దగా ఏమీ కనిపించలేదు. "నిర్లక్ష్యం", "ఆందోళనకరం", "అనుమానాస్పదం" అన్న మాటలు నిండుగా ఉన్నాయి. మాత్రల లెక్క లేదు. విడివిడిగా మాట్లాడాలన్న కోరిక లేదు. పెద్దకొడుకు ఏ విధంగా మాట్లాడగలరో ఒక్క ముక్క లేదు.

ఫలించినవి

మందు మళ్ళీ ఆగుతుందన్న భయం ఉండగా ఎక్కువ రోజులు ఆగలేము. తమ్ముడు లేని గది కావాలి. వీల్‌చెయిర్ సీటు కొలతలు మార్చే కేంద్రానికి ఆయన్ను పిలిపించాము. పుండ్లు ఉన్న మనిషికి అది అవసరమైన పరీక్షే, సాకు కాదు. కొలతలు తీసే గదిలోకి రోగిని, సిబ్బందిని తప్ప ఎవరినీ రానివ్వరు. ఆ నియమం అందరికీ ఒకటే కాబట్టి చిన్నకొడుక్కి అనుమానం రాలేదు. అదే సమయానికి తల్లి భుజానికి వేరే గదిలో పరీక్ష పెట్టాము.

స్పీచ్ థెరపిస్టు అక్షరాల బోర్డు తెచ్చారు. ముందుగా ఆయన "అవును", "కాదు" చెప్పే తీరును ఖాయం చేసుకున్నారు. అవునంటే పైకి చూడడం, కాదంటే కళ్ళు గట్టిగా మూయడం. జవాబులు మాకు ముందే తెలిసిన ప్రశ్నలు కొన్ని కలగలిపి అడిగారు, కొన్నిటికి జవాబు కాదు అయ్యేలా. ప్రతిదానికీ సరిగ్గా చెప్పారు. ఇంతటి జాగ్రత్త ఎందుకంటే, తర్వాత ఎవరైనా "ఆయనకు ఏమీ తెలియదు, ఏది అడిగినా అవునంటాడు" అంటే చూపించడానికి ఒక కాగితం ఉండాలి.

ఇంకో నియమం మరీ ముఖ్యం. ఆయన చేతిని ఎవరూ పట్టుకోకూడదు. మాట రానివాళ్ళ మణికట్టో మోచేయో పట్టుకుని అక్షరాల వైపు నడిపించే పద్ధతి ఒకటి ఒకప్పుడు బాగా ప్రచారంలోకి వచ్చింది. 1990ల్లో దాన్ని పరీక్షించినప్పుడు, అక్కడ పలికింది పట్టుకున్నవాళ్ళ మనసేనని, వాళ్ళకు తెలియకుండానే అలా జరుగుతోందని తేలింది. ఆ పద్ధతిలో వచ్చిన ఆరోపణల వల్ల అమాయకులు నలిగిపోయారు. కాబట్టి బోర్డును స్టాండుకు బిగించాము, ఆయన తన కణుపుతో తానే చూపించారు. ఒక్కొక్క అక్షరాన్ని స్పీచ్ థెరపిస్టు పైకి చదివారు, ఆయన కళ్ళు పైకెత్తి ఖాయం చేశారు, నేను రాశాను.

ప్రశ్న కూడా తెరిచి ఉంచాలి. "తమ్ముడు కొట్టాడా?" అని అడిగితే జవాబును మనమే నోట్లో పెట్టినట్టు. థెరపిస్టు అడిగింది ఇంతే: "ఇంట్లో ఎలా ఉంది? మీకు చెప్పాలనిపించింది చెప్పండి."

మొదటి మాట రావడానికి చాలాసేపు పట్టింది. చెయ్యి బిగుసుకుని అక్షరం మీదికి వెళ్ళకుండా పక్కకు కొట్టుకుపోయేది, ఆయన ఆగి ఊపిరి తీసుకుని మళ్ళీ మొదలుపెట్టేవారు. మధ్యలో మేము పూర్తిచేయబోతే విసుగ్గా కళ్ళు మూసి ఆపేవారు. రాసినది ఇది:

"ఛార్జర్ బీరువాలో. తాళం తమ్ముడి దగ్గర."

కాసేపాగి: "సంతకం పెడితే మందు అన్నాడు."

ఇంకాసేపటికి: "అమ్మ అడ్డం వచ్చింది."

చివరగా, సమావేశం రోజు ఏమన్నారో అడిగాము. ఆ ముద్ద మాట "బీరువా".

ఏ సంతకమో, దేని మీదో ఆయనే వివరంగా చెప్పారు, తేదీలతో సహా. ఇంటి లెక్కలు రాసిన మనిషి కదా, కాగితాల వరుస మాకన్నా బాగా తెలుసు. ఆ భాగం ఇక్కడ రాయను, ఆస్తి వ్యవహారం ఇంకా నడుస్తోంది.

ఫిర్యాదు చేయమంటారా అని అడిగే ముందు రెండు సంగతులు ఆయనకు స్పష్టంగా చెప్పాము. ఈ మాటలు మా మధ్యే ఉంటాయని హామీ ఇవ్వలేము. ఫిర్యాదు తర్వాత ఏం జరుగుతుందో మా చేతుల్లో లేదు. వింటే ధైర్యం చెడుతుందని ఇలాంటివి దాచేవాళ్ళున్నారు. దాచితే ఆ మనిషి తీసుకున్న నిర్ణయం ఆయనది కాకుండా పోతుంది. ఆయన కళ్ళు పైకెత్తారు. తర్వాత బోర్డు మీద "ఈ రోజే" అని చూపించారు.

తల్లితో సంగతి ఇంత సులువుగా తెమల్లేదు. 2008లో మార్క్ యాఫ్ బృందం వృద్ధుల కోసం ఆరు ప్రశ్నల పరీక్ష ఒకటి తయారుచేసింది, ఎల్డర్ అబ్యూజ్ సస్పిషన్ ఇండెక్స్ అని. గడిచిన ఏడాదిలో మీకు తిండి, బట్టలు, మందులు, కళ్ళద్దాలు అందకుండా ఎవరైనా అడ్డుపడ్డారా, ఇష్టం లేకుండా కాగితాల మీద సంతకం పెట్టించారా, భయపెట్టారా వంటివి ఐదు, ఆరోది డాక్టరు తాను గమనించినదాన్ని బట్టి నింపేది. మతి స్థిమితంగా ఉన్న వృద్ధుల కోసం, డాక్టర్ల వాడకానికి తయారైంది. మా డాక్టరు దాన్ని మాట కలపడానికి వాడారు. భయపెట్టారా అన్న ప్రశ్న దగ్గర తల్లి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నాకేం కాలేదు తల్లీ. పెద్దవాడిని మాత్రం చూడండి. చిన్నవాడూ నా కడుపున పుట్టినవాడే," అన్నారు.

ఆమెకు పరిస్థితి అర్థమవుతోంది, చెప్పింది గుర్తుంటోంది, మంచిచెడ్డలు తూచగలుగుతున్నారు, నిర్ణయాన్ని నోటితో చెబుతున్నారు. సొంత నిర్ణయం తీసుకునే శక్తి ఉందా లేదా అని చూసేటప్పుడు ఈ నాలుగే చూస్తాము. మనకు నచ్చని నిర్ణయం తీసుకున్నంత మాత్రాన ఆ శక్తి లేదని తేల్చడం మా వృత్తిలో తరచూ జరిగే అన్యాయం. 2006లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒప్పందం 12వ అధికరణంలో చట్టం ముందు సమాన గుర్తింపు ఉంది, 16వ దానిలో హింస నుంచి రక్షణ ఉంది. ఒకదాని కోసం మరొకదాన్ని తీసేయమని ఎక్కడా లేదు. ఈ ఇంట్లో ఆ రెండు హక్కులూ ఇద్దరు మనుషుల రూపంలో ఎదురెదురుగా నిలబడ్డాయి.

బృందంలో దీని మీద గట్టిగా వాదన జరిగింది. తల్లి పేరు కూడా చేర్చాలని కొందరు, వద్దని కొందరు. చివరకు ఇలా తేల్చాము: ఫిర్యాదు పెద్దకొడుకు పేరు మీద, ఆయన కోరిక మీద. ఆయన చెప్పినదానిలో తల్లి అడ్డం రావడం ఉంది కాబట్టి ఆమె చేతి మచ్చలను ఆ ఇంట్లోని ప్రమాదానికి గుర్తుగా పేర్కొంటాము. ఆమె తన కోసం ఏ జోక్యమూ కోరలేదని అదే పేరాలో రాస్తాము. ఇదంతా ఆమెకు ముందే చెప్పాము. ఆమెకు కోపం వచ్చింది. రావడం న్యాయమే అనిపించింది.

రెండో ఫిర్యాదులో ఒక్క విశేషణం కూడా లేదు. ఎవరు చూశారు, ఎప్పుడు చూశారు, ఎవరు ఏ మాటల్లో చెప్పారు. మాత్రల లెక్క, బిల్లు తేదీతో. పుండ్ల కొలతలు, శరీర పటం మీద గుర్తులు, అనుమతితో పక్కన స్కేలు పెట్టి తీసిన ఫొటోలు. ఛార్జర్ అందజేసిన కాగితం. రద్దయిన సందర్శనలు, వాటికి చెప్పిన కారణాలు. మచ్చల గురించి తల్లి ఇచ్చిన రెండు వేర్వేరు వివరణలు, ఆమె మాటల్లోనే. అవును కాదు పరీక్ష ఫలితం. చివర మా కోరికలు: ఇద్దరితో విడివిడిగా, చిన్నకొడుకు లేని చోట మాట్లాడాలి, పెద్దకొడుకుతో మాట్లాడేటప్పుడు స్పీచ్ థెరపిస్టు ఉండాలి, సమయం తొందరపెట్టకూడదు, ఫిర్యాదు సంగతి ముందుగా ఇంటికి తెలియకూడదు. మందు ఆగితే ప్రాణాపాయం ఉందన్న సంగతి మొదటి వాక్యంగా పెట్టాము, చివరి పేజీలో దాగిపోకుండా. ముందు ఫోన్‌లో చెప్పి, అదే రోజు రాతపూర్వకంగా పంపాము.

ఈసారి అధికారి స్పీచ్ థెరపిస్టుతో వచ్చారు. బీరువా తెరిపించారు. రెండు ఛార్జర్లూ అందులోనే ఉన్నాయి, కొత్తది పెట్టెలోంచి తీయనైనా లేదు.

తర్వాత

చిన్నకొడుకు ఇల్లు వదిలి వెళ్ళాడు. బ్యాంకు ఖాతా మళ్ళీ పెద్దకొడుకు చేతికి వచ్చింది. సహాయకుణ్ణి ఎంచుకునేటప్పుడు ఆయనే ప్రశ్నలు టైపు చేసి అడుగుతారు, మొదటి ప్రశ్న ఎప్పుడూ సెలవుల గురించే. పుండ్లు మానాయి. ఎడమ తుంటి మాత్రం బిగుసుకుపోయినంత మేర తిరిగి రాలేదు, సీటును దానికి తగ్గట్టు మార్చాము.

తల్లి నాతో ముభావంగానే ఉంటారు. చిన్నకొడుకును బయట కలుస్తుంటారని పెద్దకొడుకు చెప్పారు. దాన్ని ఆపడం మా పని కాదు. తన కోసం ఏ సాయమూ వద్దన్న నిర్ణయం మీదే ఆమె ఉన్నారు. మందు పరీక్షకు వచ్చినప్పుడల్లా డాక్టరు ఆమెను ఒంటరిగా కూర్చోబెట్టి అదే ప్రశ్న మళ్ళీ అడుగుతారు, ఒత్తిడి చేయకుండా. ఒకసారి కాదన్న మనిషి తర్వాత అవునన్న సందర్భాలు నేను చూశాను.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 60 ఏళ్ళు దాటినవాళ్ళలో ఏడాదిలో ఆరుగురిలో ఒకరు ఏదో ఒక రకమైన హింసకు గురవుతున్నారు, 24 ఘటనల్లో ఒకటి మాత్రమే ఫిర్యాదు దాకా వస్తోంది. ఈ తేడాకు భయం, సిగ్గు, కన్నపేగు అని మనం కారణాలు చెప్పుకుంటాం. నిజమే. వాటి పక్కన ఇంకొకటి కూడా చేర్చాలని నాకు అనిపిస్తుంది: చాలా ఇళ్ళలో అడిగే ప్రశ్న తప్పు మనిషి ద్వారా వెళుతోంది. వినికిడి తగ్గినవాళ్ళకు, పక్షవాతంతో మాట పోయినవాళ్ళకు, మతిమరపు మొదలైనవాళ్ళకు కూడా ఇంట్లో ఎవరో ఒకరు దుబాసీగా ఉంటారు. ఆ దుబాసీ మంచివాడే కావచ్చు. కాకపోతే తెలిసే దారి మనం ఏర్పాటు చేసుకుంటే తప్ప ఉండదు.

మా బృందంలో రోగి వివరాల కాగితానికి ఒక గడి చేర్చాము: "ఇంట్లోవాళ్ళ సాయం లేకుండా ఈ వ్యక్తి ఏ విధంగా మాట్లాడగలరు?" ఆ గడి ఖాళీగా ఉంటే మొదటి సందర్శనకు స్పీచ్ థెరపిస్టు కూడా వస్తారు. ఖర్చు పెరిగిందని లెక్కలు చూసేవాళ్ళు గొణుగుతున్నారు, దాని మీద ఇంకా చర్చ నడుస్తోంది.